చరిష్మా, డబ్బు, అమెరికా జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా గురించి తెలుగిళ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. "అక్కడ నోరున్నవాడిదే రాజ్యం" అన్నది ఒకటి. "డబ్బున్నవాడిదే ఎక్కడైనా, అమెరికా ఏమన్నా వేరా" అన్నది రెండోది. పైచదువులకో ఉద్యోగానికో వెళ్తున్నవాళ్లు, అక్కడ స్థిరపడినవాళ్లు, పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇచ్చాం. లెక్క ఉన్నచోట లెక్క చెప్పాం, మా అభిప్రాయమైన చోట అది అభిప్రాయమేనని చెప్పాం.

చరిష్మా అంటే సరిగ్గా ఏమిటి? అందం, కలుపుగోలుతనం, ధైర్యం అన్నీ ఒకటేనా?

కాదు. ఈ మాటకు ఇప్పటి అర్థం ఇచ్చినవాడు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్. గ్రీకులో దాని మూలార్థం దైవానుగ్రహంగా దొరికిన వరం. మన పత్రికలు 'ఎన్టీఆర్ చరిష్మా' అని రాసేటప్పుడు ఉద్దేశం దాదాపు అదే: పదవిని చూసి కాదు, మనిషిని చూసి జనం వెంట నడవడం.

అమెరికా ఆఫీసుల్లో ఈ మాటకు అంత బరువుండదు. మనం చెప్పేది వినాలనిపించడం, మనతో మళ్లీ మాట్లాడాలనిపించడం, అంతే. ఎదుటి మనిషి మనలో రెండు సంగతులు వెతుకుతాడు: వీడు నా మంచి కోరేవాడేనా, కోరితే చేయగల సత్తా ఉందా. మొదటిది లేకుండా రెండోదే కనిపిస్తే గౌరవిస్తారు గానీ దగ్గరికి రారు. రెండోది లేకుండా మొదటిదే కనిపిస్తే భోజనానికి పిలుస్తారు, ప్రాజెక్టు మాత్రం ఇంకొకరికి ఇస్తారు.

ఏడాదికి 75 వేల డాలర్లు దాటితే డబ్బు సంతోషాన్ని పెంచదంటారు. నిజమేనా?

సగం నిజం, అదీ పాతబడిన సగం. 2010లో మనస్తత్వవేత్త డేనియల్ కానమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ కలిసి అమెరికన్లు ఇచ్చిన సుమారు నాలుగున్నర లక్షల సర్వే జవాబులను పరిశీలించారు. అందులో రెండు కొలతలున్నాయి. ఒకటి, నిన్న రోజంతా మనసు ఎలా ఉంది. రెండోది, మొత్తం మీద నీ జీవితానికి ఎన్ని మార్కులు వేసుకుంటావు. రోజువారీ మనసు 75 వేల దగ్గర మెరుగుపడటం ఆగినట్టు కనిపించింది. జీవితానికి వేసుకునే మార్కులు ఆ పైన కూడా పెరుగుతూనే పోయాయి. పత్రికలు మొదటి సగాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశాయి. పైగా అవి 2010 నాటి డాలర్లు. ఇప్పటి ధరల్లో ఆ మొత్తం లక్ష దాటుతుంది.

2021లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్ 33 వేల మందికి పైగా ఉద్యోగుల ఫోన్లకు వేళాపాళా లేకుండా "ఈ క్షణం ఎలా ఉన్నారు?" అన్న ప్రశ్న పంపి, 17 లక్షల జవాబులు సేకరించాడు. అందులో ఆ ఆగిపోవడం కనిపించలేదు. ఆ తరువాత జరిగిందే అసలు ముచ్చట. పరస్పరం విరుద్ధమైన ఫలితాలు తేల్చిన కానమన్, కిలింగ్స్‌వర్త్ ఇద్దరూ, బార్బరా మెల్లర్స్‌ను మధ్యవర్తిగా పెట్టుకుని, కలిసి కూర్చుని లెక్క మళ్లీ చేశారు. 2023లో తేలిందేమంటే, చాలామందికి ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే ఉంటుంది. అందరికన్నా దిగులుగా ఉండే ఐదో వంతు మందికి మాత్రం సుమారు లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుంది. పోయిన మనిషి, తెగిన పెళ్లి, కుంగుబాటు వంటి బాధలకు ఆ గీత దాటాక డబ్బు దగ్గర మందు లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. 50 వేల నుంచి లక్షకు ఎదిగినప్పుడు వచ్చే తేడా మళ్లీ రావాలంటే లక్ష నుంచి రెండు లక్షలకు వెళ్లాలి. అందుకే జీతం 60 వేలున్నప్పుడు వచ్చిన పదివేల హైక్‌కు ఇంట్లో పాయసం వండుతారు, 2 లక్షలున్నప్పుడు అదే పదివేలు వచ్చినా ఎవరికీ గుర్తుండదు. పైగా మనిషికీ మనిషికీ సంతోషంలో ఉండే తేడాల్లో ఆదాయం వల్ల వచ్చేది చిన్న భాగమే.

మరి అమెరికాలో డబ్బు నిజంగా చేసే పని ఏమిటి?

పడిపోకుండా పట్టుకోవడం. సుఖాలు కొనడం దాని రెండో పని.

ఆరోగ్య బీమానే తీసుకోండి. అక్కడ పనిచేసే వయసువాళ్లలో ఎక్కువమందికి బీమా ఉద్యోగంతో పాటే వస్తుంది. 2024లో కంపెనీ ద్వారా వచ్చే కుటుంబ బీమా ఏడాది ప్రీమియం సగటున 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి కోసేది 6,296, మిగతాది కంపెనీ కడుతుంది. ఉద్యోగం పోతే కోబ్రా అనే చట్టం కింద అదే బీమాను సాధారణంగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు, ఎంచుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. కానీ అప్పుడు కంపెనీ వాటా కూడా మీదే, పైన 2 శాతం నిర్వహణ రుసుము. అంటే జీతం ఆగిన నెలలోనే సుమారు 2,170 డాలర్ల బిల్లు మొదలవుతుంది. ఆసుపత్రికి వెళ్తే డిడక్టిబుల్ (బీమా కట్టడం మొదలయ్యేలోపు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) అదనం.

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఏటా చేసే సర్వేలో ఒక ప్రశ్న ఉంటుంది: హఠాత్తుగా 400 డాలర్లు కట్టాల్సివస్తే ఎలా కడతారు? చేతిలో ఉన్న డబ్బుతోనే కడతామన్నవాళ్లు 2024లో 63 శాతం. మిగతావాళ్లు అప్పు చేస్తామనో, ఏదైనా అమ్ముతామనో, కట్టలేమనో చెప్పారు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్థిక వ్యవస్థలో ఈ మాట చదివి చాలామంది నమ్మరు.

ఇది ఆయుష్షు దాకా వెళ్తుంది. ఆదాయంలో అందరికన్నా పైనున్న 1 శాతం మగవాళ్లకూ అడుగున ఉన్న 1 శాతానికీ ఆయుర్దాయంలో తేడా 14.6 ఏళ్లని, ఆడవాళ్లలో 10.1 ఏళ్లని 2016లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం తేల్చింది.

సగటు అమెరికన్ దగ్గర ఎంత ఆస్తి ఉంటుంది?

'సగటు' అన్న మాట దగ్గరే మోసపోతాం. 2022 లెక్కల్లో అప్పులు తీసేశాక కుటుంబ ఆస్తి సగటు 10 లక్షల 60 వేల డాలర్లు. కుటుంబాలన్నిటినీ వరసలో నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూస్తే 1,92,900. మహా శ్రీమంతులు కొద్దిమంది కలిసి సగటును పైకి లాగేస్తారు. మధ్య కుటుంబం ఆస్తిలో పెద్ద ముక్క సొంతిల్లే. అదే మధ్య సంఖ్య తెల్లవారి కుటుంబాల్లో 2,85,000, నల్లజాతి కుటుంబాల్లో 44,900.

ధనవంతుల పిల్లల్లో కనిపించే ఆ ధీమా ఎక్కడిది? పెంపకమా, స్వభావమా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. అమెరికాలో మనం చరిష్మా అని మెచ్చుకునేదాంట్లో చాలాభాగం, వెనకాల ఉన్న డబ్బు మొహం మీద కనిపించడమే.

ఇద్దరు కుర్రాళ్లు ఒకే ఇంటర్వ్యూకి వచ్చారనుకోండి. ఒకడికి ఈ ఉద్యోగం రాకపోతే కనెక్టికట్‌లో అమ్మానాన్నల ఇల్లుంది. రెండోవాడికి హైదరాబాద్ బ్యాంకులో 40 లక్షల విద్యారుణం, ఓపీటీలో (చదువయ్యాక విద్యార్థి వీసా మీద పనిచేసే గడువు) గడిచిపోతున్న నిరుద్యోగపు రోజుల లెక్క ఉన్నాయి. మొదటివాడు కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతూ "మీ టీమ్‌లో నాకు నచ్చనిది ఏముంటుందంటారు?" అని ఎదురు అడగగలడు. రెండోవాడు ప్రతి ప్రశ్నకూ ఊపిరి బిగబట్టి జవాబిస్తాడు. బల్లకు అవతలి మనిషి మొదటివాడి పేరు పక్కన 'కాన్ఫిడెంట్' అని రాసుకుంటాడు. తను కొలిచింది స్వభావాన్ని కాదు, తప్పటడుగు వేస్తే పడే ఖరీదును.

చదువుల్లోనూ ఇదే. ఐవీ లీగ్ అనే పేరుమోసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఎనిమిదీ, వాటి సాటివైన మరో నాలుగూ కలిపి పన్నెండు విశ్వవిద్యాలయాల ప్రవేశాల మీద 2023లో ఒక అధ్యయనం వచ్చింది. కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో ఒకే మార్కులున్నా, పైనున్న 1 శాతం ఇళ్ల పిల్లలు మధ్యతరగతి పిల్లలకన్నా రెండింతలకు పైగా ఎక్కువగా అక్కడ చేరుతున్నారు. కారణాలు మూడు: పూర్వ విద్యార్థుల పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యం, ఆటల కోటా, 'వ్యక్తిత్వం, నాయకత్వం' వంటి చదువేతర మార్కులు. ఆ మూడోదాన్ని గమనించండి. ఖరీదైన ప్రైవేటు స్కూలు, అక్కడి కౌన్సెలర్ రాసే ఉత్తరం, వేసవిలో చేసిన సేవా యాత్ర అన్నీ కలిసి కాగితం మీద వ్యక్తిత్వంగా మారతాయి.

దీన్నుంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. మీలో ధీమా లేదనిపిస్తే వ్యక్తిత్వ వికాసం క్లాసుకన్నా ముందు బ్యాంకు ఖాతా చూసుకోండి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్న మనిషి మాట్లాడే తీరు దానంతటదే మారుతుంది.

పేదింట్లో పుట్టిన పిల్లలు పైకి రావడం ఇంకా సాధ్యమేనా?

సాధ్యమే, కానీ ఎక్కడ పుట్టారన్నదాని మీద ఉంటుంది. 1940లో పుట్టిన అమెరికన్లలో సుమారు 90 శాతం మంది తల్లిదండ్రులకన్నా ఎక్కువ సంపాదించారు. 1980లో పుట్టినవాళ్లలో అలాంటివాళ్లు సగం మందే.

అడుగు ఐదో వంతు ఆదాయ కుటుంబంలో పుట్టి పై ఐదో వంతుకు చేరిన పిల్లలు శాన్ హోసే ప్రాంతంలో 12.9 శాతం, షార్లెట్‌లో 4.4 శాతం అని 2014 నాటి అధ్యయనం లెక్కగట్టింది. షార్లెట్‌లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కంగారు పడనక్కర్లేదు, ఈ లెక్క పేదిళ్ల పిల్లలది, ఇంజనీర్ల ఇళ్ల పిల్లలది కాదు.

ఏది తేడా తెస్తోందని వెతికితే స్నేహాల దగ్గర తేలింది. 2022లో 7 కోట్లకు పైగా ఫేస్‌బుక్ ఖాతాల స్నేహాలను పరిశీలించారు. పేద పిల్లలకు కలవారి పిల్లలతో స్నేహాలు ఎక్కువగా కుదిరే ఊళ్లలో, పెద్దయ్యాక ఆ పేద పిల్లల ఆదాయం ఎక్కువగా ఉంది. ఒకే స్కూల్లో ఉన్నంత మాత్రాన స్నేహాలు కుదరవు. ఒకే క్లాసు, ఒకే టీమ్, ఒకే ప్రార్థనా మందిరం కావాలి.

చరిష్మా జీతంగా మారుతుందా?

మారుతుంది, పని స్వభావాన్ని బట్టి. ఇది డాలర్లలో కనిపించే చోటు రెస్టారెంట్. టిప్పులు తీసుకునే ఉద్యోగికి యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సిన కనీస కూలి ఫెడరల్ చట్టం ప్రకారం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లే (చాలా రాష్ట్రాల్లో ఇంతకన్నా ఎక్కువ). మిగతాది బల్ల దగ్గర సంపాదించుకోవాలి. 1990లో అచ్చయిన ఒక చిన్న ప్రయోగంలో, దక్షిణ కాలిఫోర్నియాలో ఒక వెయిట్రెస్ కొన్ని బల్లల దగ్గర తన పేరు చెప్పి పలకరించింది, కొన్ని చోట్ల చెప్పలేదు. చెప్పని చోట టిప్పు బిల్లులో 15 శాతం, చెప్పిన చోట 23 శాతం. ఒక్క రెస్టారెంట్‌లో చేసింది కాబట్టి అంకెను పట్టుకుని వేలాడకండి. కానీ అమెరికా వెయిటర్లు పేరు చెప్పి ఎందుకు పలకరిస్తారో అర్థమవుతుంది.

ఆఫీసు ఉద్యోగాల్లో మార్పు నెమ్మదిగా వచ్చింది. 1980 నుంచి 2012 మధ్య, మనుషులతో ఎక్కువగా మెలగాల్సిన ఉద్యోగాల వాటా అమెరికాలో సుమారు 12 శాతం పాయింట్లు పెరిగిందని ఆర్థికవేత్త డేవిడ్ డెమింగ్ చూపించాడు. లెక్కలు మాత్రమే వచ్చి మనుషులతో పొసగని ఉద్యోగాలు తగ్గాయి. రూపం విషయంలో 1994లో హామర్‌మెష్, బిడిల్ తేల్చినదాని ప్రకారం, చూడటానికి బాగోరని ఇతరులు అనుకునేవాళ్లు సగటు రూపం ఉన్నవాళ్లకన్నా 5 నుంచి 10 శాతం తక్కువ సంపాదిస్తున్నారు. అందగాళ్లకు దక్కే లాభం అంతకన్నా కాస్త తక్కువ.

అలాగని వేదిక దద్దరిల్లేలా మాట్లాడితేనే పైకి వస్తారనుకోవద్దు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి 2014లో సీఈఓ అయ్యారు. ఆయన గొంతు పెంచి మాట్లాడే రకం కాదు. వినడం, పక్కవాడి పేరు తలచుకోవడం కూడా చరిష్మాయే, అది ఆలస్యంగా పండుతుంది.

మొదటి అభిప్రాయం ఎంతసేపట్లో ఏర్పడుతుంది?

సెకన్లలో. 1993లో నళిని అంబాడి, రాబర్ట్ రోసెంతాల్ కాలేజీ టీచర్ల వీడియో ముక్కలను, ఒక్కొక్కటి పది సెకన్లవి, శబ్దం లేకుండా కొత్తవాళ్లకు చూపించి మార్కులు వేయించారు. సెమిస్టరంతా పాఠం విన్న విద్యార్థులు వేసిన మార్కులతో అవి చాలావరకు కలిశాయి. 2005లో ఇంకో ప్రయోగంలో సెనేట్ అభ్యర్థుల ఫొటోలు చూపించి "ఇద్దరిలో ఎవరు సమర్థులు?" అని అడిగితే, జనం వేలుపెట్టి చూపినవాళ్లే సుమారు 70 శాతం పోటీల్లో గెలిచారు. మొహం చూసి పడిన ఓటు అంటే ఇదే. ఆ అంచనా సరైనదని దీని అర్థం కాదు, చాలామందికి ఒకే అంచనా కలుగుతుందని మాత్రమే.

"మాటల ప్రభావం 7 శాతమే, 93 శాతం బాడీ లాంగ్వేజ్" అని శిక్షణల్లో చెబుతారు. నిజమేనా?

కాదు. విజయవాడ నుంచి న్యూజెర్సీ దాకా ప్రతి శిక్షణలోనూ ఈ స్లైడు ఉంటుంది. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన ప్రయోగాల్లో ఒక్కో మాటను వేర్వేరు గొంతులతో, ముఖకవళికలతో చూపించి, చెప్పిన మనిషి ఇష్టంగా ఉన్నాడా లేడా అని అడిగారు. మాటా గొంతూ పొంతన లేనప్పుడు దేన్ని నమ్ముతారన్నదే అక్కడి ప్రశ్న. ఇంటర్వ్యూలో మీరు చెప్పే జవాబుకు 7 శాతమే విలువని ఆయన ఎక్కడా అనలేదు.

దీని తోబుట్టువులు ఇంకో రెండు. యేల్ విశ్వవిద్యాలయంలో 1953లో లక్ష్యాలు కాగితం మీద రాసుకున్న 3 శాతం మంది మిగతా 97 శాతం కన్నా ఎక్కువ సంపాదించారన్న కథ ఒకటి. అలాంటి అధ్యయనమే జరగలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారి ధైర్యం వస్తుందన్నది రెండోది. 2010లో 42 మందితో చేసిన ఆ ప్రయోగాన్ని 2015లో 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లు మారలేదు. మొదటి పత్రం రాసినవారిలో ఒకరైన డానా కార్నీ, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని 2016లో రాతపూర్వకంగా చెప్పారు.

చరిష్మా నేర్చుకుంటే వస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలావరకు వస్తుంది. లోజాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఆంటొనాకిస్ బృందం ఆకట్టుకునే ప్రసంగాలను విడదీసి 12 మెళకువలు తేల్చింది. తొమ్మిది మాటకు సంబంధించినవి: పోలిక, చిన్న కథ, రెండిటి మధ్య వ్యత్యాసం, జవాబు అక్కర్లేని ప్రశ్న, మూడు ముక్కల్లో చెప్పడం, ఇది ధర్మం ఇది కాదు అని తేల్చడం, వింటున్నవాళ్ల మనసులోది బయటికి చెప్పడం, పెద్ద లక్ష్యం పెట్టడం, అది అందుతుందన్న నమ్మకం ఇవ్వడం. మూడు ఒంటికి సంబంధించినవి: గొంతులో ఎత్తుపల్లాలు, మొహంలో భావం, చేతుల కదలిక. మన ఊరి హరికథకుడు ఈ పన్నెండూ తెలియకుండానే వాడతాడు.

సాధన ఇలా చేయండి. మీ పని గురించి మూడు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసుకోండి. మొదటిసారి శబ్దం ఆపి చూడండి: చేతులు కదులుతున్నాయా, కళ్లు కెమెరాను చూస్తున్నాయా. రెండోసారి మొహం చూడకుండా వినండి. 'బేసిగ్గా', 'యాక్చువల్లీ', 'సో' ఎన్నిసార్లు వచ్చాయో గీతలు పెట్టండి. మూడోసారి పన్నెండులో రెండే రెండు మెళకువలు చేర్చి మళ్లీ తీయండి. ఒకేసారి ఆరు చేరిస్తే నాటకంలా ఉంటుంది. దాదాపు అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే.

నలుగురి ముందు చేయాలంటే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు చవక. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ క్లబ్బులు హైదరాబాద్, విశాఖల్లోనూ ఉన్నాయి. సిద్ధం చేసుకున్న ప్రసంగం సాధారణంగా 5 నుంచి 7 నిమిషాలు, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద 1 నుంచి 2 నిమిషాలు. మీరు ఎన్నిసార్లు 'ఆఁ' అన్నారో లెక్కపెట్టడానికి ఒక మనిషి ప్రత్యేకంగా కూర్చుంటాడు. వీసా ఇంటర్వ్యూకన్నా ముందు ఆ 1-2 నిమిషాల భాగం పది వారాలు చేస్తే చాలు.

మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. అమెరికాలో అది అడ్డమా?

అడ్డమే. సొంత డబ్బా కొట్టుకోకూడదని మనం నేర్చుకుంటాం. అక్కడ మీరు చేసిన పని మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. మధ్యదారి ఒకటుంది: పొగడ్త వద్దు, అంకె చెప్పండి. "నేను చాలా కష్టపడతాను" అనే బదులు "రాత్రి 6 గంటలు పట్టే రిపోర్టును 40 నిమిషాలకు తెచ్చాను" అనండి. మొహమాటానికీ భంగం లేదు, ఎదుటివాడికీ పని తెలుస్తుంది. 'మేము చేశాం' అని మొదలుపెట్టినా, అందులో మీ వంతు ఏదో 'నేను' అని తేల్చి చెప్పాలి.

"మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు 60 నుంచి 90 సెకన్లు చాలు. ఇప్పుడేం చేస్తున్నారు, దానికి ముందు ఏం చేశారు, ఈ ఉద్యోగం ఎందుకు. పుట్టిన ఊరు, నాన్నగారి ఉద్యోగం, ఇంటర్ మార్కులు అక్కర్లేదు.

పరిచయం లేని మనిషిని కలవాలంటే ఐదు వాక్యాల మెయిల్ రాయండి. మీరెవరు, వాళ్ల పనిలో మీకు నచ్చిన ఒక నిర్దిష్టమైన సంగతి, అడగదలచింది, 20 నిమిషాల సమయం, రెండు తేదీలు. మొదటి మెయిల్లోనే రిఫరల్ అడిగితే జవాబు రాదు. 20వ నిమిషానికి మీరే లేవండి. 24 గంటల్లో కృతజ్ఞత చెప్పండి. వాళ్ల సలహా పాటించి ఏం జరిగిందో నెల తరువాత మళ్లీ రాయండి. ఈ చివరిది ఎవరూ చేయరు, అందుకే చేసినవాళ్లు గుర్తుంటారు.

తెలుగు సంఘాలు, వాట్సాప్ గ్రూపులు కష్టంలో ఆదుకుంటాయి. ఉద్యోగం వెతకడానికి మాత్రం అవి ఒక్కటే చాలవు. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద ఐదేళ్లు జరిపిన ప్రయోగాల ఫలితం 2022లో వచ్చింది. కొత్త ఉద్యోగాలు ఎక్కువగా తెచ్చిపెట్టింది ప్రాణస్నేహితులు కాదు, కాస్త దూరపు పరిచయస్తులు. దగ్గరివాళ్లకు తెలిసిన ఖాళీలు మీకు ముందే తెలిసి ఉంటాయి కదా.

ఒకే తీరు అందరికీ పనికొస్తుందా?

రాదు. 2004లో అచ్చయిన ప్రయోగంలో బోస్టన్, షికాగోల్లో సుమారు 5 వేల నకిలీ రెజ్యూమేలు పంపారు. తెల్లవారివిగా వినిపించే పేర్లకు, నల్లవారివిగా వినిపించే పేర్లకన్నా 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. ఆ దశలో ఎవరి నవ్వూ ఎవరూ చూడలేదు.

ఆడవాళ్లది ఇంకో ఇరకాటం. ఆన్ హాప్కిన్స్ అనే ఆమె ఒక పెద్ద అకౌంటింగ్ సంస్థకు భారీ కాంట్రాక్టు తెచ్చినా పార్ట్‌నర్‌ను చేయలేదు. ఆడదానిలా నడవమని, మాట్లాడమని, మేకప్ వేసుకోమని, నగలు పెట్టుకోమని సలహా ఇచ్చారు. 1989లో సుప్రీంకోర్టు ఇలాంటి మూసలను బట్టి నిర్ణయించడం లింగ వివక్షేనని చెప్పింది. మగవాడిలో నాయకత్వమనిపించేది ఆడవాళ్లలో దురుసుతనమనిపించడం ఆ తీర్పుతో ఆగిపోలేదు.

చరిష్మా వల్ల మోసపోకుండా ఎలా?

ఎలిజబెత్ హోమ్స్ 19 ఏళ్లకు, 2003లో, థెరనోస్ అనే రక్తపరీక్షల కంపెనీ పెట్టింది. నల్ల టర్టిల్‌నెక్, బొంగురు గొంతు, రెప్పవేయని చూపు. ఆమె కంపెనీ విలువ ఒకప్పుడు 900 కోట్ల డాలర్లు. చెప్పినట్టు రక్తపరీక్షలు చేసే యంత్రం మాత్రం లేదు. 2022లో 11 ఏళ్ల 3 నెలల శిక్ష పడింది. డైరెక్టర్లలో మాజీ విదేశాంగ మంత్రులున్నారు, రక్తపరీక్షలు తెలిసినవాళ్లు దాదాపు లేరు. చూడాల్సింది అదే: నమ్మినవాళ్లలో ఆ పని తెలిసినవాళ్లు ఎందరు?

మన సమాజానికి దగ్గర ప్రమాదం ఒకే భాష, ఒకే గుడి, ఒకే ఊరు అన్న నమ్మకం మీద నడిచే పెట్టుబడి మోసం. డబ్బు ఇచ్చే ముందు బ్రోకర్ల వివరాలుండే బ్రోకర్‌చెక్ వెబ్‌సైటులో ఆ మనిషి పేరు, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గార్‌లో (కంపెనీలు దాఖలు చేసే పత్రాల భాండారం) ఆ కంపెనీ పేరు వెతకండి, రెండూ ఉచితం. నెలనెలా మారని రాబడి, 'మనవాళ్లకు మాత్రమే' అన్న మాట, ఆడిటర్ పేరు అడిగితే నొచ్చుకోవడం కనిపిస్తే చెక్కు రాయకండి.

డబ్బుతో ఎన్నిక కొనవచ్చా?

డబ్బొక్కటే చాలదు. వ్యాపారవేత్త మైఖేల్ బ్లూమ్‌బర్గ్ 2020 డెమొక్రాటిక్ ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు) 100 కోట్ల డాలర్ల పైచిలుకు సొంత డబ్బు ఖర్చుపెట్టి అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే గెలిచాడు. ఇటుపక్క చరిష్మాకు మారుపేరైన జాన్ కెనడీ వెనక తండ్రి జోసెఫ్ కెనడీ ఆస్తి ఉంది. 1960 సెప్టెంబరు 26న టీవీ చర్చలో చెమటలు పట్టిన నిక్సన్ పక్కన ఆయన వెలిగిపోయాడు. అక్కడి దాకా చేర్చిన ప్రచారానికి డబ్బు లేని మనిషికి ఆ కెమెరా దొరికేది కాదు.

ఇంత సంపన్న దేశం ఆనందంలో ఎందుకు వెనకబడింది?

2025 ప్రపంచ ఆనంద నివేదికలో అమెరికా 24వ స్థానంలో ఉంది. అంతకుముందు ఏడాది నివేదికలో 60 దాటినవాళ్లను మాత్రమే లెక్కిస్తే 10వ స్థానం, 30 లోపు వాళ్లను లెక్కిస్తే 62. ఒకే దేశంలో ఇది రెండు దేశాల తేడా.

ఎక్కువగా వినిపించే కారణం ఒంటరితనం. 2023లో ప్రతి నలుగురిలో సుమారు ఒకరు, ముందురోజు అన్ని పూటలా ఒక్కరే తిన్నామన్నారు. 2003తో పోలిస్తే ఇది 53 శాతం పెరుగుదల. 2023లోనే అప్పటి సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద దేశానికి సలహాలిచ్చే ప్రభుత్వ వైద్యుడు) వివేక్ మూర్తి ఒంటరితనం మీద ప్రత్యేక హెచ్చరిక విడుదల చేశారు. హార్వర్డ్‌లో 1938 నుంచి 724 మంది మగవాళ్ల జీవితాలను వెంబడించిన అధ్యయనం కూడా ముసలితనంలో ఆరోగ్యానికీ సంతోషానికీ దగ్గరి బంధాలే గట్టి సూచిక అంటోంది.

చరిష్మా ఇక్కడ పెద్దగా పనికిరాదు. వందమందిని ఆకట్టుకోగలిగినవాడికి కూడా ఆదివారం పొద్దున ఫోన్ చేసేవాళ్లు ఇద్దరే ఉండవచ్చు.

మంచి ఏరియాలో పెద్ద ఇల్లు కొంటే?

పక్కింటివాళ్ల ఆదాయం పెరిగేకొద్దీ మన సంతోషం తగ్గుతుందని 2005లో ఎర్జో లుట్‌మర్ అమెరికా లెక్కలతో చూపించాడు. డల్లాస్ పక్క ఫ్రిస్కోలో స్థోమతకు మించిన కాలనీలో చిన్న ఇల్లు కొంటే జరిగేది అదే. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆస్తిపన్ను చాలాచోట్ల ఇంటి విలువలో 2 శాతం దాకా ఉంటుంది. 5 లక్షల ఇంటికి ఏడాదికి 10 వేలు. ఐదేళ్లు అక్కడే ఉంటామన్న నమ్మకం లేకపోతే, కొనేటప్పటి, అమ్మేటప్పటి ఖర్చులే లాభాన్ని తినేస్తాయి.

హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు డబ్బు ఏ వరసలో సర్దుకోవాలి?

మీకు పడే ఖరీదు పౌరులకన్నా ఎక్కువ. ఉద్యోగం పోతే ఇంకో యజమానిని వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల వరస ఏళ్ల తరబడి కదలదు.

ముందు 401(కె)లో (ఉద్యోగం ద్వారా నడిచే రిటైర్మెంటు పొదుపు ఖాతా) కంపెనీ జతచేసేంత వరకు వేయండి, వదిలేస్తే జీతం వదులుకున్నట్టే. తరువాత క్రెడిట్ కార్డు అప్పు. ఆ తరువాత అత్యవసర నిధి. పౌరులకు 3 నుంచి 6 నెలల ఖర్చు చాలంటారు. మా సలహా మీకు 8 నెలలు, పైగా ఇంటిల్లిపాదికీ తిరుగు టికెట్లు. అది షేర్లలో కాదు, ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ) బీమా ఉన్న పొదుపు ఖాతాలో ఉండాలి. ఆ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 2,50,000 డాలర్ల వరకు. క్రెడిట్ స్కోరులో 35 శాతం సకాలంలో కట్టడానికి, 30 శాతం పరిమితిలో ఎంత వాడారన్నదానికి. పది వేల పరిమితి ఉన్న కార్డు మీద మూడు వేలు దాటనివ్వకండి.

ఉన్న డబ్బును ఎలా ఖర్చుపెడితే సంతోషం ఎక్కువ?

వస్తువు మీదకన్నా సమయం మీద. ఇష్టంలేని పనిని డబ్బిచ్చి చేయించుకునేవాళ్లు జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్నారని 2017లో అమెరికా, కెనడా, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లలో చేసిన సర్వేలు చూపాయి. నెలకు రెండుసార్లు ఇల్లు శుభ్రం చేయించుకోవడం, ఆఫీసుకు గంట దూరం కాక పావుగంట దూరంలో అద్దెకుండటం అలాంటివే. అయితే మిగిలిన ఆ గంటల్లో మళ్లీ ల్యాప్‌టాప్ తెరిస్తే కొన్నది పోయినట్టే. ఆ సమయానికి ఎవరినైనా భోజనానికి పిలవండి. అమెరికన్ స్నేహితులైతే రెండు వారాల ముందు తేదీ, వేళ చెప్పి పిలవాలి, ఏం తినరో అడగాలి, కారం సగం తగ్గించాలి.